సీలు మార్చినా మళ్ళీ కారుతోందా? పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో లీకులు, అరిగిన భాగాలు సరిచేసే వరస

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద ఆయిల్ మరక కనబడితే చాలామంది నేరుగా సీలు కొనుక్కొచ్చి మార్చేస్తారు. రెండు నెలలు పొడిగా ఉంటుంది. మూడో నెలలో మళ్ళీ అదే చోట అదే మరక. అప్పుడు నింద సీలు మీద పడుతుంది, నకిలీదనో నాసిరకమనో. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. తిరిగే షాఫ్టు మీద ఆయిల్‌ను బయటికి రానివ్వకుండా ఆపడం వరకే సీలు రబ్బరు అంచు, అంటే లిప్పు, పని. లోపల పెరిగిన గాలి ఒత్తిడిని ఆపడం, ఊగుతున్న షాఫ్టును పట్టి ఉంచడం దాని తరం కాదు.

ఒకే చోట రెండోసారి లీకు వచ్చిందంటే కారణం చాలావరకు ఈ నాలుగింట్లో ఒకటి: బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) మూసుకుపోయింది, బేరింగు అరిగి షాఫ్టు లూజైంది, సీలు కూర్చునే చోట షాఫ్టుకు గాడి పడింది, లేదా సీలు ఎక్కించడంలో పొరపాటు జరిగింది. సీలు కొనే ముందు ఈ నాలుగూ చూడండి.

బండిని ఎత్తే ముందు

పాత జీపులు, పాత ల్యాండ్ రోవర్లు వంటి చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే పెట్టె) వెనక ఉన్న ఒక డ్రమ్మును, అంటే యాక్సిల్‌కు బలం మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒక్కటి నేల వదిలిందంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే యాక్సిల్ మధ్య గేర్లు) ఆ చక్రాన్ని ఒకవైపు, నేల మీదున్నదాన్ని మరోవైపు తిరగనిస్తుంది. హ్యాండ్‌బ్రేకు ఎంత గట్టిగా లాగి ఉన్నా బండి దొర్లుతుంది. గేరులో ఉంచినా అంతే. అందుకని ఫోర్ వీల్ వేసి, ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే ఫ్రీ వీల్ హబ్బులుంటే లాక్ చేసి, నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి. ఆ తర్వాతే జాకీ. యాక్సిల్ కింద స్టాండు పెట్టి, జాకీ దించి, బండిని చేత్తో ఊపి చూసి అప్పుడు కిందకు దూరండి. జాకీని నమ్ముకుని ఒక్క నిమిషం కూడా కింద ఉండకూడదు.

కారేది ఏది, ఎక్కణ్ణించి?

శుభ్రమైన అట్టముక్క బండి కింద పరచి, చక్రాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున మరకల్ని వేలితో తాకండి, వాసన చూడండి. ఇంజన్ ఆయిల్ నల్లగా, మాడు వాసనతో ఉంటుంది. గేరు ఆయిల్ చిక్కగా, కుళ్ళిన గంధకం వాసన కొడుతుంది, ఒకసారి ఆ వాసన పట్టుకున్నవాళ్ళు మళ్ళీ పొరబడరు. ఎర్రగా పల్చగా ఉంటే పవర్ స్టీరింగుదో ఆటోమేటిక్ గేరుబాక్సుదో. కూలెంటు పచ్చగానో నారింజ రంగులోనో ఉండి తియ్యటి వాసన వేస్తుంది, ఎండిన చోట తెల్లటి పొక్కు కడుతుంది. దాన్ని నాలుకకు మాత్రం తగలనివ్వకండి, అది విషం. బ్రేక్ ఆయిల్ దాదాపు రంగు లేకుండా, జారుగా ఉంటుంది, పడిన చోట పెయింటు ఉబ్బి లేస్తుంది.

మరక పడిన చోటికి పైన లీకు ఉంటుందనుకోకండి. బండి పరుగెత్తేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, గురుత్వం కిందికి లాగుతుంది. కాబట్టి తడిగా ఉన్న భాగమంతటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటే అసలు మూలం. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డులో అది కనపడదు. డీగ్రీజరు కొట్టి, బ్రష్షుతో రుద్ది, నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. డిస్ట్రిబ్యూటరు, ఆల్టర్నేటరు, బ్రీదర్లకు ముందే ప్లాస్టిక్ కవరు చుట్టండి. అనుమానమున్న చోట టాల్కం పౌడరు చల్లి 20, 30 కిలోమీటర్లు నడిపి చూస్తే తెల్లటి పౌడరు మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. అప్పటికీ దొరక్కపోతే ఆయిల్‌లో కలిపే యూవీ రంగు, దాని లైటు తెచ్చుకోండి.

కారేవన్నీ ఒకే తొందర పనులు కావు. బ్రేకు, ఇంధనం లీకైతే బండి కదపకండి. స్టీరింగులో లూజు, కూలెంటు లీకు ఆ తర్వాతి వరస. గేరుబాక్సు, యాక్సిల్ ఆయిల్ చుక్కలు కారితే మట్టం చూసుకుంటూ వీలైనప్పుడు చెయ్యొచ్చు. చుక్క రాకుండా పైపైన చెమర్చినట్టుంటే తుడిచి వదిలెయ్యండి. అయితే చుక్కను తక్కువగా చూడకండి. నిమిషానికొకటి చొప్పున రోజుకు 1440 చుక్కలు. చుక్కకు 0.05 మి.లీ. లెక్కేసినా 72 మి.లీ. లీటరు, లీటరున్నర ఆయిల్ పట్టే ట్రాన్స్‌ఫర్ కేసుకు అది రెండు మూడు వారాల ఆయుష్షు.

మొదట బ్రీదర్లు

పదినిమిషాల పని, ఖర్చు లేనిది, అయినా అందరూ వదిలేసేది ఇదే. యాక్సిల్ గొట్టం పైన, గేరుబాక్సు పైన, ట్రాన్స్‌ఫర్ కేసు పైన పుట్టగొడుగులా చిన్న ఇనప మూతలుంటాయి. బండి నడిచినకొద్దీ లోపలి ఆయిల్, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి, ఆ గాలి ఈ మూతగుండా బయటికి పోవాలి. బురద గట్టిపడి మూత పూడిపోతే ఒత్తిడికి దొరికే దారి సీలు ఒక్కటే. వాగులు దాటే బండికి దీని రెండో సగం మరీ ప్రమాదం. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీళ్ళలో మునగగానే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుని, సీళ్ళ పక్కనుంచి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. తర్వాత ప్లగ్గు విప్పితే పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ వస్తుంది.

మూత విప్పి, డీజిల్‌లో నానబెట్టి, ఊది చూడండి. లోపలి బంతో పలకో కదలకపోతే కొత్తది వేయండి. బండి నీళ్ళలోకి దిగేదైతే మూత బదులు నాజిల్ బిగించి, 6 లేదా 8 మి.మీ. లోపలి వ్యాసమున్న ఫ్యూయల్ హోసు తగిలించి ఇంజన్ గదిలో పైదాకా తెచ్చి కట్టండి. యాక్సిల్ కిందకీ పైకీ ఊగుతుంది కాబట్టి దాని దగ్గర హోసును ఒక చుట్టంత వదులుగా ఉంచాలి. పైకొనకు చిన్న ఫిల్టరు పెట్టండి. మధ్యలో ఎక్కడా పల్లం రాకూడదు, వస్తే ఆయిల్ చేరి అదే మళ్ళీ బిరడా అవుతుంది.

ఇంజనుకూ ఇదే లెక్క. ఇంజన్ అడుగు గది, అంటే క్రాంక్‌కేసు, గాలిని లాగే పీసీవీ వాల్వు పట్టేస్తే వాల్వు కవరు నుంచి క్రాంక్‌షాఫ్టు వెనక చివరనుండే మెయిన్ సీలు దాకా అన్ని చోట్లా ఒకేసారి చెమరుస్తుంది. చిల్లర ఆడినట్టు లోపల బిళ్ళ చప్పుడయ్యే రకమైతే వాల్వు తీసి ఊపి చూడండి. చప్పుడు లేకపోతే మార్చండి. ఇంకో పరీక్ష ఉంది: ఇంజన్ ఐడ్లింగులో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి కాగితం పెట్టండి. పీసీవీ ఉన్న ఇంజనులో కాగితం మెల్లగా అంటుకోవాలి. ఎగిరి పడితే, గొట్టాలు శుభ్రం చేశాక కూడా ఎగిరి పడుతూనే ఉంటే, పిస్టన్ రింగులు అరిగి కుదింపు గాలి కిందికి దిగుతోందన్నమాట. ఆ ఇంజనుకు సీళ్ళు మార్చడం డబ్బు దండగ.

సీలు ఎంచడం, ఎక్కించడం

పాత సీలు ముఖం మీద మూడంకెలుంటాయి. 50 70 10 అంటే షాఫ్టు 50 మి.మీ., బయటి వ్యాసం 70, మందం 10. పార్టు నంబరు దొరకని బండికి ఈ కొలతలతో బేరింగులమ్మే ఏ దుకాణంలోనైనా సీలు దొరుకుతుంది. అంకెలు చెరిగిపోతే వెర్నియరుతో షాఫ్టునూ గూడునూ కొలవండి, సాగిపోయిన పాత రబ్బరును కాదు. మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, యాక్సిళ్ళకు చాలు. ఇంజన్ వెనక మెయిన్ సీలు వంటి వేడి చోట్ల వైటన్ అడగండి. అది 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. బురద తగిలే చోట రెండు లిప్పుల సీలు తీసుకోవాలి, బయటి లిప్పు దుమ్ముకు, లోపలిది ఆయిల్‌కు. కొన్నిటి మీద బాణం గుర్తుంటుంది. అది షాఫ్టు తిరిగే దిక్కు. తప్పు దిక్కుది వేస్తే ఆయిల్‌ను లోపలికి నెట్టాల్సిన గీతలే బయటికి తోడిపోస్తాయి.

పాతది ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవరుతో గూడు గోడను గీరకండి, ఆ గీత గుండా కొత్త సీలు బయటి అంచు పక్కనుంచి ఆయిల్ వస్తుంది. సీలు ఇనప ముఖానికి రెండు చిన్న రంధ్రాలు వేసి, స్క్రూలు ఎక్కించి, కటింగ్ ప్లేయరుతో లాగండి. ఇప్పుడు షాఫ్టు మీద లిప్పు తిరిగిన చోట గోరుతో గీకి చూడండి. గోరు తట్టుకుంటే గాడి పడినట్టే, ఆ గాడిలో కొత్త లిప్పు పనిచేయదు. దీనికి మూడు మార్గాలున్నాయి. సన్నటి గాడైతే 400 నంబరు ఎమెరీతో చుట్టూ తిప్పుతూ రుద్దండి, షాఫ్టు పొడవునా ఎప్పుడూ రుద్దకండి. గూడులో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలో అవతలో కూర్చోబెడితే లిప్పు అరగని చోట తగులుతుంది. లోపల ఆయిల్ తిరిగొచ్చే రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి. లోతైన గాడికి మాత్రం స్పీడీ స్లీవ్ అనే పల్చటి స్టీలు తొడుగు ఎక్కించడమే మందు. దాని మందం సుమారు పావు మిల్లీమీటరే కాబట్టి సీలు సైజు మారదు.

ఎక్కించే ముందు రబ్బరు లిప్పుకు ఆయిలో గ్రీజో రాయండి. పొడిగా ఎక్కితే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. లోపలి సన్నటి స్ప్రింగు గాడిలో గ్రీజు నింపితే సుత్తి దెబ్బలకు స్ప్రింగు జారిపోదు. టెఫ్లాన్ లిప్పున్న కొత్తరకం సీళ్ళకు మాత్రం ఇది పూర్తిగా తిరగబడుతుంది. వాటినీ షాఫ్టునూ పొడిగా ఎక్కించి, ఇంజన్ తిప్పకుండా నాలుగు గంటలైనా వదిలెయ్యాలి. స్ప్లైన్ల (షాఫ్టు మీది నిలువు పళ్ళ) మీదుగా సీలు దూర్చాల్సి వస్తే వాటికి ప్లాస్టిక్ టేపు చుట్టండి. లేకపోతే ఆ పళ్ళు లిప్పును కోసేస్తాయి. సీలు బయటి వ్యాసానికి సరిపోయే సాకెట్టో గొట్టం ముక్కో పెట్టి, చుట్టూ సమానంగా తట్టుతూ దించండి. వంకరగా దిగితే బయటికి తీసి మళ్ళీ మొదలుపెట్టడమే మేలు.

ఇంజన్ పైనా కిందా

వాల్వు కవరు, ఆయిల్ ప్యాన్ పల్చటి రేకు. లీకు ఆపాలని బోల్టు బిగించినకొద్దీ ఆ రంధ్రం చుట్టూ రేకు గుంట పడి, రెండు బోల్టుల మధ్య రేకు పైకి లేస్తుంది, లీకు ఇంకా పెరుగుతుంది. కవరు తీసి చదునైన ఇనప దిమ్మ మీద పెట్టి, ప్రతి రంధ్రాన్నీ లోపలివైపు నుంచి చిన్న సుత్తితో తట్టి సమం చేయండి. అంచుకు స్కేలు పెట్టి వెలుతురు దూరుతుందేమో చూడండి. కార్క్ ప్యాకింగును కవరువైపు మాత్రమే పల్చగా గ్యాస్కెట్ జిగురుతో అతికించండి, హెడ్డువైపు పొడిగా ఉంచండి. దానికి సిలికాన్ పూస్తే జారి బయటికి పొంగుకొస్తుంది. 6 మి.మీ. బోల్టులను మధ్య నుంచి చివరలకు రెండు మూడు విడతల్లో బిగించండి, ఎప్పుడూ 10 న్యూటన్ మీటర్లు దాటనివ్వకండి.

సిలికాన్ పేస్టు వాడాల్సిన చోట తుడవడమే ముఖ్యం. పాత పేస్టు గీకి, బ్రేక్ క్లీనరుతో జిడ్డంతా పోగొట్టి, 3 మి.మీ. లావు గీత ఒకటి బోల్టు రంధ్రాల లోపలిపక్కగా తెగకుండా వేయండి. ముందు చేత్తో బిగించి, తర్వాత పానాతో. ఆయిల్ పోయడానికి 24 గంటలు ఆగాలి. ఎక్కువ పేస్టు ఎక్కువ భద్రత అనుకునేవాళ్ళ ఇంజన్లలో లోపలికి పొంగిన ముక్కలు ఆయిల్ పంపు జాలీలో దొరుకుతుంటాయి.

వెనక మెయిన్ సీలు పోయిందని గేరుబాక్సు దించే ముందు దానికి పైన ఉన్నవన్నీ చూడండి: వాల్వు కవరు వెనక మూల, ఆయిల్ ప్రెషర్ స్విచ్, హెడ్డు వెనక ప్లగ్గులు. ఇవన్నీ ఒకే దారిన క్లచ్చును కప్పే బెల్ హౌసింగు మీదకు కారతాయి. బెల్ హౌసింగు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి పడే చుక్క వాసన చూస్తే ఇంజన్ ఆయిలో, గేరుబాక్సు ముందు సీలు నుంచి వచ్చే గేరు ఆయిలో తేలిపోతుంది. ల్యాండ్ రోవర్ వంటి బండ్లలో లోతు నీళ్ళు దాటేటప్పుడు ఆ రంధ్రానికి ప్లగ్గు బిగిస్తారు. దాటగానే తీసెయ్యాలి. అలాగే వదిలేస్తే లోపల చేరిన ఆయిల్ క్లచ్చు ప్లేటుకు పడుతుంది.

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు

ఆయిల్ వంచే ముందు, నింపే ప్లగ్గు విప్పొస్తుందో లేదో చూడండి. కింది ప్లగ్గు తీసి ఆయిలంతా వంచేశాక పైది పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే నిలిచిపోతుంది. తీసిన ప్లగ్గు అయస్కాంతం మీద బూడిద రంగు పేస్టు ఉంటే మామూలే. గోరుతో పట్టుకోగలిగే ముక్కలుంటే సీలు సంగతి పక్కన పెట్టి గేర్లు, బేరింగులు చూడాలి.

గేరుబాక్సులో మట్టం తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతుంటే రెండింటి మధ్య సీలు పోయినట్టు. బయట చుక్క కనపడకపోవచ్చు, లేదా ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదరు నుంచి కారుతుంది. అది చూసి వెనక సీలు మార్చేవాళ్ళున్నారు, ఏ ఉపయోగమూ ఉండదు. కాబట్టి రెండు మట్టాలూ ఒకేసారి చూసి రాసుకోండి.

వెనక ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే పళ్ళెం) దగ్గర కారుతుంటే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, ఫ్లాంజిని రెండు చేతులతో పైకీ కిందికీ ఊపండి. ఊగిందంటే బేరింగు అయిపోయింది, ముందు అది. ఊగకపోతే సీలు మార్చండి, దాంతోపాటు మరొకటి చెయ్యండి: షాఫ్టు స్ప్లైన్ల పళ్ళ సందుల్లోంచి కూడా ఆయిల్ పాకి నట్టు పక్కనుంచి బయటికొస్తుంది. ఫ్లాంజి లోపలి స్ప్లైన్లకూ వాషరు కిందా పల్చగా సిలికాన్ పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. కొత్త సీలు వేసిన మర్నాడే తడి కనబడితే చాలాసార్లు ఇదే దారి.

ఆయిల్ రకం విషయంలో, యాక్సిల్‌లోని హైపాయిడ్ క్రౌన్ పినియనుకు (డిఫరెన్షియల్‌లోని పెద్ద, చిన్న గేర్ల జతకు) జీఎల్-5 గ్రేడు గేరు ఆయిల్ కావాలి. ఇత్తడి సింక్రో రింగులున్న పాత గేరుబాక్సుకు మాన్యువల్ జీఎల్-4 చెబితే జీఎల్-4 మాత్రమే పోయండి.

పినియన్ సీలు: వరస తప్పకూడని పని

డిఫరెన్షియల్ ముందు సీలు చూడ్డానికి తేలిక. కానీ చాలా యాక్సిళ్ళలో ఆ పెద్ద నట్టు నలిగే స్లీవును (బేరింగుల మధ్య గొట్టం ముక్కను) నొక్కుతూ బేరింగుల బిగువును నిర్ణయిస్తుంది. విప్పి గట్టిగా బిగించేస్తే బేరింగులు వేడెక్కి కాలతాయి.

1. రెండు చక్రాలూ లేపి, బ్రేక్ డ్రమ్ములు తీసెయ్యండి. బ్రేకు రాపిడి ఉంటే కొలత తప్పుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు, ఫ్లాంజికి గుర్తు పెట్టి విప్పి, తీగతో పైకి కట్టండి.

2. ఫ్లాంజిని ఊపి చూడండి. లూజు ఉంటే ఇక్కడితో ఆపి బేరింగుల పనికి వెళ్ళండి.

3. చిన్న అంకెలు చూపే టార్క్ పానాతో నట్టును మెల్లగా తిప్పుతూ, పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతోందో చదివి రాసుకోండి.

4. నట్టు, షాఫ్టు, ఫ్లాంజి మూడింటి మీదా ఒకే గీతలో పంచ్ గుర్తులు కొట్టండి. నట్టు దాటి బయటికున్న మరలు లెక్కపెట్టండి.

5. ఫ్లాంజికి పొడుగాటి ఇనప పట్టీ బోల్టు చేసి తిరగకుండా ఆపి, నట్టు విప్పండి. ఫ్లాంజిని పుల్లరుతో లాగండి. సుత్తితో కొడితే దెబ్బ బేరింగు రోలర్ల మీద పడుతుంది.

6. ఫ్లాంజి మీద సీలు తిరిగే చోట గాడి చూసి సరిచేయండి. కొత్త సీలు ఎక్కించి, స్ప్లైన్లకు సిలికాన్ పూసి ఫ్లాంజి పెట్టండి.

7. కొత్త నట్టును మీ పాత గుర్తు, మరల లెక్క దాకా చేతి పానాతోనే బిగించండి, ఇంపాక్ట్ గన్ను వద్దు. అక్కణ్ణించి కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ పినియన్‌ను పదిసార్లు తిప్పి కొలవండి. మొదట రాసుకున్న అంకెకు అర న్యూటన్ మీటరు పైకి వచ్చేసరికి ఆపండి.

దాటిపోతే నట్టు వదులు చేసి సర్దుకోవడం కుదరదు, నలిగిన స్లీవు మళ్ళీ సాగదు. కొత్త స్లీవు వేయాల్సిందే. స్లీవు బదులు షిమ్ములు (పల్చటి వాషర్లు) ఉన్న యాక్సిలైతే మాన్యువల్‌లోని టార్క్‌కు బిగిస్తే చాలు.

ముందు గుండు, చక్రాల బేరింగులు

ముందు చక్రం వెనక నున్నటి ఇనప గుండు కనిపించే బండ్లలో ఆ గుండు కింద నల్లటి గంజిలాంటిది కారుతుంటుంది. చాలామంది బయటి ఫెల్టు రింగులు మార్చి ఊరుకుంటారు. అసలు గొడవ లోపల యాక్సిల్ గొట్టం చివరనున్న చిన్న సీలుది. అది పోతే డిఫరెన్షియల్ ఆయిల్ గుండులోకి వచ్చి గ్రీజును పల్చన చేస్తుంది. బయటి ఫెల్టు గ్రీజును ఆపడానికే పెట్టింది, ఆయిల్‌ను ఆపలేదు. కాబట్టి రెండూ కలిపి మార్చాలి. గుండు మీద తుప్పు గుంటలుంటే కొత్త రబ్బరును అవి రంపంలా కోస్తాయి. గుంటల్ని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, లోహపు ఎపాక్సీ నింపి, ఆరాక నీటి ఎమెరీతో నున్నగా చేయండి. గ్రీజు పట్టే రకమైతే మాలిబ్డినం గ్రీజుతో ముప్పావు వంతు నింపండి, పూర్తిగా కాదు. ఆయిలో పల్చటి గ్రీజో పోసే రకాలూ ఉన్నాయి, మాన్యువల్ చెప్పిందే వాడండి.

చక్రం ఎత్తి టైరును పైనా కిందా పట్టి ఊపితే లూజు తెలిసిందనుకోండి. అది చక్రం బేరింగుదా, చక్రం మలుపు తిరిగే ఇరుసైన కింగ్‌పిన్‌దా? ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. లూజు పోతే చక్రం బేరింగు. అలాగే ఉంటే కింగ్‌పిన్ బేరింగులు. గతుకులో పడ్డాక స్టీరింగు విదిలించుకున్నట్టు ఊగిపోయే బండ్లలో చూడాల్సిన చోట్లలో కింగ్‌పిన్ ముందుంటుంది. షిమ్ములు తీసి బిగువు సరిచేస్తారు. స్ప్రింగు కాటాతో స్టీరింగు ఆర్మ్‌ను లాగి, కదలడం మొదలైనప్పటి అంకెను మాన్యువల్‌తో పోల్చుకోవాలి. సీళ్ళు, స్టీరింగు రాడ్లు విప్పి ఉన్నప్పుడే ఈ కొలత నిజం.

చక్రం బేరింగులను డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి. గాలి పైపుతో గిర్రున తిప్పకండి, జిడ్డు లేని బేరింగు ఆ వేగానికి పగిలి రోలర్లు ఎగరొచ్చు. రోలర్ల మీద నీలిరంగు, గుంటలు, గీతలు ఉంటే బేరింగునూ దాని బయటి కప్పునూ జతగా మార్చాలి. అరచేతిలో గ్రీజు పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును అందులోకి గుచ్చుతూ, గ్రీజు అవతలి పక్క నుంచి బయటికొచ్చేదాకా నింపండి. బిగించేటప్పుడు హబ్బును తిప్పుతూనే నట్టును గట్టిగా పట్టించి రోలర్లను కూర్చోబెట్టి, తర్వాత వదులు చేసి మళ్ళీ సరిచేయాలి. కొన్ని బండ్లకు వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి, కొన్నింటికి కాస్త బిగువే ఉండాలి. ఆ అంకె ఊహించేది కాదు. పది కిలోమీటర్లు నడిపాక హబ్బు మీద చెయ్యి పెట్టండి. ఆనించి ఉంచలేనంత వేడెక్కితే మరీ బిగిసినట్టు.

హబ్బు సీలు పోయి గేరు ఆయిల్ బ్రేక్ షూలకు పడితే వాటిని కడిగి వాడకండి. లైనింగు పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్ళీ పైకొస్తుంది. రెండు పక్కలా కొత్త షూలు వేయండి, లేకపోతే బ్రేకు ఒకపక్కకు లాగుతుంది.

క్రాసులు, బుష్షులు, స్టీరింగు

ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు లేదు. మార్చడానికి ముందు షాఫ్టు రెండు ముక్కలకూ పెయింటుతో గుర్తు పెట్టండి. జారే స్ప్లైను ఒక్క పన్ను తేడాగా కలిసినా రెండు చివరల యోకులు (క్రాసును పట్టే చెవులు) ఒకే వరసలో ఉండవు, కొత్త క్రాసులతోనూ బండి అదురుతుంది. క్రాసును వైసులో సాకెట్లు పెట్టి నొక్కేటప్పుడు కప్పులోని ఒక్క సూది రోలరు అడ్డం పడినా సర్‌క్లిప్ గాడి కనపడదు. అప్పుడు బలం పెంచకండి, తీసి చూడండి. ఎక్కాక బిర్రుగా ఉంటే యోకు చెవుల మీద బయట నుంచి చిన్న దెబ్బ వేస్తే కప్పులు సర్దుకుంటాయి. నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా గన్ను కొట్టండి.

కమాన్ల రబ్బరు బుష్షులు ఏడాదికే చిరిగిపోతుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బండి గాల్లో ఉండగా బోల్టులు బిగించారు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, దించగానే రబ్బరు మెలిక పడి అలాగే ఉండిపోతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని నేల మీదకు దించి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించండి.

స్టీరింగు లూజుకు ఒకరు స్టీరింగు చక్రాన్ని కుడి ఎడమలకు కొద్దిగా ఆడిస్తుంటే ఇంకొకరు కింద ప్రతి బాల్ జాయింటు మీదా చెయ్యి వేసి చూడాలి. రాడ్డు కదిలి అవతలి ఆర్మ్ ఆలస్యంగా కదిలిన చోటే అరుగుదల. స్టీరింగు బాక్సు పైనున్న స్క్రూ తిప్పడం చివరి పని. అదీ చక్రాలు నేరుగా ఉన్నప్పుడే. ఆ బాక్సు కింద సీలు పదేపదే కారితే బాక్సు నుంచి బయటికొచ్చే సెక్టరు షాఫ్టు బుష్షు అరిగిందని అర్థం, బుష్షు లేకుండా సీలు మార్చి లాభం లేదు.

నీళ్ళు, బ్రేకు, ఇంధనం

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి కారితే పంపు లోపలి సీలు పోయింది. రంధ్రానికి ఎమ్‌సీల్ పెట్టి మూసేస్తే నీళ్ళు బేరింగులోకి పోతాయి, పంపు పట్టేస్తుంది. రేడియేటరు మూత రబ్బరు గట్టిపడితే దాన్నీ మార్చండి. 0.9 బార్ మూత సరిగ్గా పనిచేస్తే నీళ్ళు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి నిలవకపోతే 100 దాటగానే పొంగిపోతాయి. మూతను ఇంజన్ చల్లారాకే తీయాలి. లీకు ఆపే పొడులు రేడియేటరు సన్నటి గొట్టాలనూ పూడుస్తాయి, ఊరు చేరడానికి తప్ప వాడకండి.

బ్రేక్ సిలిండరు రబ్బరు బూటు వెనక్కి లాగి చూడండి. లోపల తడి కనబడితే బూటు దాటి కారకపోయినా సిలిండరు మార్చాలి. లోపలి భాగాలు కడగడానికి పెట్రోలు, కిరసనాయిలు వాడితే రబ్బరు ఉబ్బి పట్టేస్తుంది. బ్రేక్ ఆయిలే వాడండి. డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్చండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వాటితో కలపకూడదు.

డీజిల్ బండి పొద్దున స్టార్టు కావడానికి ఏడుస్తుంటే లీకు బయటికే ఉండనక్కర్లేదు, పైపుల్లోకి గాలి చొరబడుతుండొచ్చు. ఫిల్టరుకు ముందు ఒక జానెడు పారదర్శక హోసు పెట్టి బుడగలు చూడండి. పెట్రోలు బండిలో రబ్బరు పైపుల్ని వంచితే పగుళ్ళు కనబడ్డా చాలు, అన్నీ ఒకేసారి మార్చండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్యండి.

పని పూర్తయ్యాక పాత అట్టముక్క స్థానంలో కొత్తది పరచండి. 500 కిలోమీటర్లకు కమాను యూ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు నట్లు మళ్ళీ ఓసారి బిగించండి, మట్టాలన్నీ చూసి రాసుకోండి. నీళ్ళు కలిసిన యాక్సిల్ ఆయిల్ మార్చి ఉంటే ఆపాటికి దాన్ని మరోసారి వంచి కొత్తది పోయాలి. గొట్టాల మూలల్లో మిగిలిన తేమ మొదటి మార్పుతో పూర్తిగా బయటికి రాదు.